127 దాటిన రంగు ఋణమగునా?

నేతవారి పత్రికలో కంప్యూటరు లెక్కలను గూర్చి వ్రాయనేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. నూలు ధర, కూలి రేట్లు, రాని రిబేటు, ఇవన్నియు నుండగా ఈ గొడవ మనకెందుకని వారి భావము. అడుగుటలో తప్పు లేదు. కాని ఈ మధ్య మా సంఘములో ఒక చీర కొంగు నల్లమచ్చలతో చెడిపోయినది. ఒక నేతగాని పదకొండు దినముల శ్రమ వ్యర్థమైనది. ఆ చెడుగునకు నూలు కారణము గాదు, అద్దకము గాదు, చేతిపనియు గాదు. కంప్యూటరు లోపల ఒక అంకెకు ముందు ఎవరికిని కనబడకుండ చేరిన చిన్న గీత. ఆ గీత ఎట్లు చేరినదో, దాని నష్టమెవరు భరింపవలెనో యని మా కమిటీలో రెండు సమావేశములు వాదోపవాదములు జరిగినవి. మా అభిప్రాయమును దాచుకొనక ఇచట వ్రాయుచున్నాము. ఇతర ఊళ్ళ సంఘములకు ఈ పాటు తప్పినచో సంతోషమే.

మాది తమిళనాట నున్న సంఘము. మా వద్ద ఒక పాత చీర కలదు. మీగడ రంగు నేల, కొంగున మెరూన్ పువ్వులు, ఆవపొడి పసుపు కాడలు, అక్కడక్కడ సన్నని నల్లగీత. ఇచట మెరూన్‌ను అరక్కు అందురు, మనవారు లక్క రంగు అందురు. ఆ కొంగును మరల నేయించవలెనని చాల కాలముగా కోరిక. పూర్వమైనచో గ్రాఫు వ్రాయు పెద్దాయన భూతద్దము పట్టుకొని గడి గడి చూచి, కాగితముపై రంగులు నింపి, దానిని చూచి అట్టలు కొట్టించెడివారు. ఒక కొంగునకు నెల పైబడి పట్టెడిది. ఆయనకిప్పుడు చూపు మందగించినది. పట్టణమున డిజైను ప్రోగ్రాములు అమ్మువారిని అడిగితిమి. వారు చెప్పిన వెల మా సంఘము తాళగలిగినది కాదు, పైగా ఏటేటా కట్టవలెనట. అప్పుడు మా సభ్యులలో నొకరి మనుమడు, కాలేజీలో కంప్యూటరు చదువుచున్న పిల్లవాడు, నేను వ్రాసి ఇచ్చెదనని ముందుకు వచ్చెను. జావా అను భాషలో నాలుగు వారములలో వ్రాసినాడు. డబ్బు అడుగలేదు. మేమే ఒక సైకిలు కొనిచ్చితిమి.

ఆ ప్రోగ్రాము చేయు పని మనవారికి సులభముగా బోధపడును. చీర కొంగును స్కానరుపై పరచి బొమ్మ తీయుదురు. ఆ బొమ్మ చిన్న చిన్న గడులుగా కంప్యూటరులో నిలుచును. దీనినే వారు పిక్సెలు అందురు. మనకు గ్రాఫు గడియే. గడి గడికిని మూడు అంకెలుండును. ఎరుపెంత, పచ్చయెంత, నీలమెంత యని. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. మూడును సున్న యైనచో నలుపు, మూడును 255 అయినచో తెలుపు. స్కానరు తీసిన బొమ్మలో వేలకొలది ఛాయలు వచ్చును. మన వద్దనున్నవి నాలుగే నూలు రంగులు. కాబట్టి ఒక్కొక్క గడిని తీసికొని, ఈ నాలుగింటిలో ఏ రంగునకు దగ్గరగా నున్నదో లెక్కించి, ఆ రంగు పేరు వ్రాసికొనవలెను. ఆపై వరుస వరుసకు, రంగు రంగునకు, ఏ హుక్కు లేవవలెనో చూచి అట్టకు చిల్లులు నిర్ణయింపవలెను. పిల్లవాడు ఇదంతయు చేసెను. తెరమీద చూపించిన బొమ్మ అద్దమువలె నున్నది. మేమందరము మెచ్చుకొంటిమి. ఆ తెరమీద చూపినది స్కానరు తీసిన మొదటి బొమ్మయే గాని, నాలుగు రంగులుగా వేరుచేసిన బొమ్మ కాదని అప్పటికి మాకెవరికిని తట్టలేదు.

అట్టలు కొట్టించితిమి. గ్రాఫు పెద్దాయన ఆ దొంతరను చేతితో తడిమి, "ఇంత లావుగా నున్నదేమి నాయనా, ఈ కొంగుకు నాలుగు వందల పైచిలుకు అట్టలు చాలుగదా" అనిరి. లెక్కించగా 590 వచ్చినవి. యంత్రము సూక్ష్మముగా చూచును గనుక ఎక్కువ వచ్చియుండునని మేమే సర్దిచెప్పితిమి. మగ్గమెక్కించిన రెండవ దినమున నేతగాడు వచ్చి, పువ్వులో నల్లచుక్కలు పడుచున్నవని చెప్పెను. అట్ట ప్రకారము నేయుము అంటిమి. నాలుగవ దినమున మరల వచ్చెను. అప్పుడును అదే మాట అంటిమి. ఇది మేము చేసిన తప్పు. దీనిని తరువాత వచ్చు వాదములో ఎవరును మరువకుండుటకే ముందుగా వ్రాసితిమి.

కొంగు దిగిన తరువాత చూడగా మెరూన్ పువ్వుల నిండ పొగ చూరినట్లు నల్లని గింజలు. మీగడ నేల చక్కగా నున్నది. పసుపు కాడలు చక్కగా నున్నవి. నల్లగీత ఉండవలసిన చోట ఉన్నది. మెరూన్ ఒక్కటే చెడినది. అట్టలు ఎక్కువ పడుటకు కారణము కూడ అప్పుడు తెలిసినది. పువ్వు మాత్రమే ఉన్న వరుసకు మెరూన్ అట్ట యొకటి చాలును. ఆ వరుసలో ఒక్క గడి నలుపని యంత్రము తలచినను నల్ల పేకకు వేరొక అట్ట వచ్చును, వేరొక కండె వేయవలెను. అనగా చెడిపోయిన బట్ట కొరకు నేతగాడు మంచిబట్టకంటె ఎక్కువ కష్టపడినాడు.

అద్దకము వానిని అనుమానించితిమి, స్కానరు అద్దమును తుడిచితిమి. చివరకు పెద్దాయనయు పిల్లవాడును ఒక సాయంకాలము కలిసి కూర్చుండిరి. మేము ప్రక్కన ఉంటిమి.

"ఈ నల్లగడి అసలు బొమ్మలో ఎంత యున్నదిరా?"

"ఎరుపు 126, పచ్చ 4, నీలము 6, తాతా."

"దాని ప్రక్కది మెరూనే అయినదిగదా, అది ఎంత?"

"అది ఎరుపు 130, పచ్చ 3, నీలము 5."

"రెండింటికి భేదమేమున్నది? నా కంటికి రెండును ఒకటే. మన మెరూన్ నూలుకు ఎంత పెట్టితివి?"

"128, సున్న, సున్న."

"మరి 126 దానికి దగ్గర కాదా?"

పిల్లవాడు జవాబు చెప్పలేదు. కంప్యూటరును అడిగి, నూలు రంగు అంకెను తెరపై వేయించెను. 128 అని రావలసిన చోట మైనస్ 128 అని వచ్చినది.

ఈ మైనస్ ఎక్కడనుండి వచ్చినదో చెప్పుటకు మన జకార్డు అట్టకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఫ్రాన్సు దేశమున లియోను పట్టణములో జోసెఫ్ మరీ జకార్డు 1804లో తన మగ్గము సాధనమును ప్రకటించినాడు. అట్టకు చిల్లు ఉన్నచో హుక్కు లేచును, లేనిచో లేవదు. మూడవ మాట లేదు. కంప్యూటరులోని అంకెలును అట్లే ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే వ్రాయబడును. అమెరికా దేశపు 1890 జనాభా లెక్కలకు హాలరిత్ అనువాడు చిల్లుల అట్టలనే వాడినాడు. నేతవారికి కంప్యూటరు పరాయిదని చెప్పువారితో ఈ విషయములో మేము ఏకీభవింపము.

ఎనిమిది చిల్లుల చోట్లు గల ఒక చిన్న అట్టను తలచుకొనుడు. దీనినే బైటు అందురు. కుడినుండి ఎడమకు ఆ చోట్ల విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128. చిల్లు ఉన్న చోట్ల విలువలను కూడవలెను. ఏ చిల్లును లేనిచో సున్న. అన్నియు ఉన్నచో 255. మొత్తము 256 రకముల అట్టలు. రంగుల అంకెలు 255తో ఆగిపోవుటకు కారణమిదియే. 130 కావలెనన్న 128 చోటున ఒక చిల్లు, 2 చోటున ఒక చిల్లు.

ఇంతవరకు చిక్కు లేదు. అయితే లెక్కలలో ఋణ సంఖ్యలు కూడ కావలెను గదా. ఋణమనగా నేమో మన వారికి వేరుగ చెప్పనక్కరలేదు. దానికొరకు యంత్రములవారు ఒక ఏర్పాటు చేసిరి. ఎడమ చివరి చోటు విలువను 128 అనక, మైనస్ 128 అని చదువుదురు. మిగిలిన ఏడు చోట్లు మామూలే. అప్పుడు అదే ఎనిమిది చోట్ల అట్ట మైనస్ 128 మొదలు 127 వరకు చెప్పును. అట్టలు 256 రకములే, చదువుటలోనే భేదము. 128, 2 చోట్ల చిల్లులున్న అట్టను మొదటి పద్ధతిని చదివిన 130. రెండవ పద్ధతిని చదివిన మైనస్ 128కి 2 కలిపి మైనస్ 126. అట్ట మారలేదు, చిల్లు మారలేదు. అదే పద్దును జమ గడిలో వ్రాసినచో ఒక అర్థము, ఖర్చు గడిలో వ్రాసినచో ఒక అర్థము అయినట్లే. ఈ రెండవ విధమును గుర్తు గల బైటు అనియు, మొదటిదానిని గుర్తు లేని బైటు అనియు అందురు.

127 వరకు రెండు పద్ధతులును ఒకటే చెప్పును. కాబట్టి ముదురు రంగులతో పరీక్షించినచో తప్పు బయటపడదు. 128 వద్ద ఒక్కసారిగా అడుగు జారి మైనస్ 128కి పడును. 255 అనగా నిండు వెలుగు, అది మైనస్ 1 అగును. సున్నకు, అనగా నలుపునకు, ఒక్క మెట్టు దూరము!

ఇక మా మెరూన్ సంగతి. నూలు రంగు 128, 0, 0. గుర్తు గల బైటుగా చదువుటచే మైనస్ 128, 0, 0 అయినది. గడి రంగు 126, 4, 6. ఇది 127 లోపల నున్నందున మారలేదు. పిల్లవాడు మూడు అంకెల తేడాలను కూడి, తక్కువ వచ్చిన రంగును దగ్గర రంగుగా పట్టినాడు. పద్ధతి సరియైనదే. మెరూన్‌తో తేడా 254, 4, 6, మొత్తము 264. నలుపుతో తేడా 126, 4, 6, మొత్తము 136. నలుపు గెలిచినది. తిన్నగా చదివియున్నచో మెరూన్‌తో తేడా 12 మాత్రమే. ప్రక్క గడి ఎరుపు 130 గనుక అదియు మైనస్ 126 అయి, మైనస్ 128 పక్షమునకే చేరి, రెండు తప్పులు కలిసి ఒప్పయినవి. ఒకే పువ్వులో, కంటికి భేదము తెలియని రెండు గడులలో, ఒకటి మెరూన్‌గా, ఒకటి నలుపుగా పోయినది ఇందుచేతనే. మీగడ రంగు అంకెలు మూడును 128కి చాల పైన ఉన్నవి. గడియు నూలును రెండును ఋణములోనికే పోయి, అచట తేడాలు సరిగానే యున్నవి. అందుచే నేల చెడలేదు. పసుపును అంతే. సరిహద్దు రాతిమీద కూర్చున్నది మెరూన్ ఒక్కటే. మన కొంగులలో మెరూన్ లేని కొంగులెన్ని? అందుచే ఈ తప్పు మనకు పట్టినంతగా ఇతరులకు పట్టదు.

పిల్లవాడు వెంటనే సవరించెదనని అదే రాత్రి గడుల అంకెలను చదువు చోట దిద్దినాడు. నూలు రంగుల పట్టికను చదువు చోట దిద్దుట మరచినాడు. మరునాడు చూడగా కొంగంతయు నలుపు! నేల నలుపు, పువ్వు నలుపు, కాడ నలుపు. గడులు ధనముగా, నూళ్ళు ఋణముగా నుండుటచే అన్ని గడులకును సున్నయైన నలుపే దగ్గరయైనది. అందరము నవ్వితిమి గాని, ఇందులో తెలిసికొనవలసినది కలదు. సగము దిద్దిన తప్పు మొత్తము తప్పుకంటె చెడ్డగా కనబడును. ఒక విధముగ అదియే మేలు, దాగియుండదు.

ఈ పిశాచము దూరము కొలుచు చోటనే గాదు, రంగులు కలుపు చోటను పట్టును. స్కానరు బొమ్మను గ్రాఫు కొలతకు తగ్గించునపుడు ప్రక్క ప్రక్క గడుల సగటు తీయుదురు. 127, 129 అను రెండు ఛాయల సగటు 128 కావలెను. గుర్తు గల బైటులో 129 అనగా మైనస్ 127. రెండింటి సగటు సున్న. రెండు నడిమి ఛాయలు కలిసి కటిక నలుపును కన్నవి. ఇట్టి నలుపును మసియనియో మచ్చయనియో తలచి, అద్దకము వానిని తిట్టిన సంఘములు మాతోపాటు ఇంకను ఉండవచ్చును.

తప్పు ఆ భాషదని, వేరే భాషలో వ్రాయించవలెనని మా కమిటీలో కొందరు అనిరి. సంగతి విచారించితిమి. జావా భాష 1995లో వెలువడినది. అందులో బైటు అనగా గుర్తు గలదే, గుర్తు లేని బైటు ఆ భాషలో లేదు. దానిని నిర్మించిన జేమ్స్ గోస్లింగ్, గుర్తు లేని అంకెల నియమములు ప్రోగ్రాములు వ్రాయువారిలో చాలమందికి సరిగా తెలియవని తలచి, సులభత కొరకు వానిని వదలినట్లు చెప్పియున్నాడు. సులభత కొరకు చేసినది మాకిట్లు వచ్చినది. మైక్రోసాఫ్టువారి సీ షార్ప్ భాషలో బైటు గుర్తు లేనిది. పైథాన్ భాషలో బైట్లను చదివిన 0 నుండి 255 వరకే వచ్చును. పాత సీ భాష సంగతి మరింత చిత్రము. అందు క్యారు అను ఎనిమిది చోట్ల అంకె గుర్తు గలదో లేనిదో భాష నిర్ణయింపక, ప్రోగ్రామును యంత్రమునకు తర్జుమా చేయువారికి వదలినది. ఇంటెల్ తరహా కంప్యూటర్లలో సాధారణముగా గుర్తు గలది, ఆర్మ్ తరహా లినక్సు యంత్రములలో సాధారణముగా గుర్తు లేనిది. అనగా ఆఫీసు కంప్యూటరులో పరీక్షించి చూచిన ప్రోగ్రామును, మగ్గము ప్రక్కన పెట్టిన చిన్న చవక యంత్రములో వేసినచో లెక్క మారవచ్చును.

గుర్తు లేనంత మాత్రమున భయము తీరదు. పైథాన్‌లో బొమ్మల లెక్కలకు వాడు నంపై అను సాధనమున గుర్తు లేని బైటు 250కి అటువంటిదే 10 కలిపిన 260 రాదు, చుట్టు తిరిగి 4 వచ్చును. తెలుపు చేయబోయిన నలుపగును. అదే కూడికను ఓపెన్ సీవీ అను సాధనముతో చేసిన 255 వద్ద ఆగును. కాబట్టి భాష మార్చుట మందు కాదు. అంకె ఏ గడిలో కూర్చున్నదో తెలిసికొనుటయే మందు.

ఆ మందును పిల్లవాడు మాకు చూపెను. బైటును చదివినవెంటనే, ఏ కూడికయు తీసివేతయు చేయకముందే, 255తో ఆండ్ అను క్రియ చేయవలెను. వారి వ్రాతలో సున్న ఎక్స్ ఎఫ్ ఎఫ్ అని వ్రాయుదురు. ఇది మనకు క్రొత్త గాదు. రెండు అట్టలను ఒకదానిపై నొకటి ఉంచి వెలుగునకు ఎత్తి చూడుడు. రెండింటను చిల్లు ఉన్న చోటనే వెలుగు వచ్చును. అదియే ఆండ్. కంప్యూటరు బైటును లెక్కకు తీసికొనునపుడు ఎనిమిది చోట్ల అట్టను ముప్పదిరెండు చోట్ల పెద్ద అట్టపైకి మార్చును. అప్పుడు ఎడమ చివరి చోటున చిల్లు ఉన్నచో, మిగిలిన ఇరువదినాలుగు చోట్లకును చిల్లులు కొట్టివేయును. ఋణ గుర్తు నిలుపుటకు అట్లు చేయును. 255 అను అట్టకు కుడివైపు ఎనిమిది చోట్లకే చిల్లులు గలవు. దానిని పైన ఉంచినచో ఆ ఇరువదినాలుగు దొంగ చిల్లులు మూసికొనిపోవును, మన ఎనిమిది మిగులును. మైనస్ 126 మరల 130 అగును. 2014లో వచ్చిన జావా ఎనిమిదవ కూర్పులో ఈ పనికి టు అన్‌సైన్డ్ ఇంట్ అను పేరుతో ఒక సిద్ధపు సాధనము కూడ చేర్చిరి. చదువునపుడే ఈ జాగ్రత్త. తిరిగి వ్రాయునపుడు 0 నుండి 255 లోపలి అంకెను బైటుగా కుదించినచో చిల్లులు సరిగానే పడును.

మూడు రంగులను ఒకే పెద్ద అట్టలో కలిపి ఉంచునపుడు కూడ ఇదే చూడవలెను. నీలము అంకె ఋణముగా ఉండగా ఆండ్ చేయక కలిపినచో, దాని ఇరువదినాలుగు దొంగ చిల్లులు పచ్చ, ఎరుపు చోట్లను నింపివేసి రెండింటిని 255 చేయును. ఇంకొక చిన్న మాట. జావాలో నిండు తెలుపు గడిని అడిగిన మైనస్ 1 అని చెప్పును. ఇది తప్పు గాదు, ముప్పదిరెండు చోట్లును చిల్లులే యని అర్థము. చూచి బెదరనక్కరలేదు.

ఇప్పుడు వాదము సంగతి. మొదటి సమావేశములో మూడు మాటలు వచ్చినవి. ఇంటి ప్రోగ్రాము కట్టిపెట్టి పట్టణపు ప్రోగ్రామునే కొనవలెనని కొందరు. పిల్లవానివలన నష్టము వచ్చినది గనుక అతని ఇంటివారు ఎంతో కొంత ఇచ్చుకొనవలెనని కొందరు. చెడిన చీరకు కూలి ఇచ్చు ఆచారము లేదు గనుక నేతగానికి ఇవ్వనక్కరలేదని మరికొందరు.

మూడవ మాట ముందు తీసికొందము. అతడు రెండు సార్లు వచ్చి చెప్పినాడు, వినక నేయుమన్నది సంఘము. మచ్చ అతని చేతిలోనిది గాదు, అట్టలోనిది. అట్ట సంఘము ఇచ్చినది. చెడిన చీరకు కూలి లేదను ఆచారము చేతితప్పు కొరకు పెట్టినది, కాగితము తప్పు కొరకు గాదు. పూర్తి కూలియు, అదనపు అట్టలకు వేసిన అదనపు పేకల కూలియు ఇవ్వవలెనని మేము వ్రాసి ఇచ్చితిమి. రెండవ సమావేశములో అది అంగీకరింపబడినది. మేమే తప్పుచేసి మేమే ధర్మము చెప్పుచున్నామని ఒకరు ఎత్తిపొడిచిరి. ఆ మాటయు నిజమే. ఊరకుంటిమి.

రెండవ మాట సంఘమునకు తగినది కాదు. సైకిలొకటి పుచ్చుకొని నాలుగు వారములు పనిచేసిన పిల్లవానిని దండించినచో, రేపు మన పిల్లలలో ఎవడును మగ్గము కొరకు ఒక వరుస వ్రాయడు. వారికి పట్టణములో పని దొరకును, మనకే వారు దొరకరు. పరీక్ష పెట్టకుండ పని పుచ్చుకొన్నది మేము. నూలు వచ్చినచో చిలప విప్పి తూచుదుము, కౌంటు చూతుము, రంగు నీటిలో ముంచి చూతుము. ప్రోగ్రాము వచ్చినచో తెరమీద బొమ్మ చూచి చేతులు తట్టితిమి.

మొదటి మాట ఇంకను తేలలేదు. కొనుటకు మేము విరోధులము గాము. డబ్బు గల సంఘములు కొనవచ్చును. కాని కొన్న ప్రోగ్రాములో ఇట్టి తప్పు ఉండదని ఎవరు పూచీ? ఉన్నచో లోపల చూచి దిద్దుటకు మనకు అధికారముండదు, వారికి వ్రాసి ఎదురుచూడవలెను. ఇంటి ప్రోగ్రాములో తప్పును ఒక ముసలాయనయు ఒక పిల్లవాడును ఒక సాయంకాలమున పట్టిరి. భాష తెలియని ఆయన, ఏ గడికి ఎంత అని అడుగుటవలననే అది పట్టుబడినది. ఆ ఇద్దరిని కూర్చుండబెట్టు పనిని అట్టలు కొట్టకముందే చేసియున్నచో నష్టమే లేకపోవును. అందుచే ఇంటి ప్రోగ్రామును నిలుపవలెనను పక్షములో మేమున్నాము. గ్రాఫు తెలిసిన పెద్దవారు ఒకరు పరీక్షించి సంతకము చేయనిదే ఏ ప్రోగ్రామునుండియు, ఇంటిదైనను కొన్నదైనను, అట్టలు కొట్టరాదను నియమమును వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాము. కొన్నదైనచో ఈ పరీక్ష నెగ్గువరకు కడపటి వాయిదా చెల్లింపరాదు.

పరీక్షకు మేము ఏర్పరచుకొన్నది సులువైనది. ఒక పట్టీమీద వరుసగా 256 గడులు, మొదటిది నలుపు, చివరిది తెలుపు, నడుమ ఒక్కొక్క మెట్టు పెరుగుచు బూడిద ఛాయలు. దీనిని స్కానరు ద్వారా గాక తిన్నగా బొమ్మ ఫైలుగా ప్రోగ్రామునకు ఇవ్వవలెను. స్కానరు ఛాయలను కొంత మార్చును. గడుల అంకెలన్నియు కూడి చెప్పుమని అడుగవలెను. జవాబు 32640 రావలెను. ఇది ఎట్లో మన బడిపిల్లలును చెప్పగలరు: మొదటిదియు చివరిదియు కలిపి 255, రెండవదియు చివరనుండి రెండవదియు కలిపి 255, ఇట్లు 128 జతలు. గుర్తు తప్పిన ప్రోగ్రాము 32640 అనక మైనస్ 128 అని చెప్పును. ఆపై ప్రక్క ప్రక్క గడుల తేడా చూపించుమనవలెను. అంతటను 1 రావలెను, 127కును 128కిని నడుమ 255 వచ్చినచో రోగము దొరికినట్లే. చివరగా మన నూలు రంగులను ఆ ప్రోగ్రామునకు ఇచ్చి, వేరుచేసిన బొమ్మను, మొదటి బొమ్మను గాదు, తెరపై చూడవలెను. మెరూన్ నూలుకు ఇటు రెండు మెట్లు, అటు రెండు మెట్లు గల గడులు మెరూన్‌గానే వచ్చుచున్నవా యని పెద్దవారు కంటితో చూడవలెను.

దిద్దిన ప్రోగ్రామునుండి మరల అట్టలు కొట్టించితిమి. 412 వచ్చినవి. పెద్దాయన దొంతరను తడిమి ఏమియు అనలేదు. అదే నేతగాని మగ్గమునకే ఎక్కించితిమి. ప్రస్తుతము రెండవ పువ్వు నడుచుచున్నది, మచ్చ లేదు. 256 గడుల ఆ పట్టీ ఫైలు కావలసిన సంఘములవారు ఈ పత్రిక ద్వారా మాకు వ్రాసినచో పంపగలము. దానికి వెల లేదు.